శ్వాసే సూత్రంగా: అష్టాంగ విన్యాస యోగం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

శ్వాసను కొలమానంగా చేసుకొని ఒక ఆసనం నుంచి మరొక ఆసనానికి సాగే అష్టాంగ విన్యాస యోగం ఇరవయ్యో శతాబ్దపు మైసూరులో రూపుదిద్దుకొని ప్రపంచమంతటా వ్యాపించింది. దీని ప్రాచీనతను గురించి సాధకులు చెప్పుకొనే కథనానికీ, పరిశోధకులు చూపే ఆధారాలకూ మధ్య పొంతన కుదరని చోట్లు ఉన్నాయి. ముద్రిత గ్రంథాల ఆధారంగా ఈ పద్ధతి పరిణామాన్ని పరిశీలించి, ఇందులో సంప్రదాయమని చెప్పదగిన అంశం కదలికకూ శ్వాసకూ కుదిర్చిన లెక్కలో ఉన్నదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విన్యాసం, శ్వాస, హఠయోగం, మైసూరు, తిరుమలై కృష్ణమాచార్య, పట్టాభి జోయిస్, యోగ మకరందం

ఉపోద్ఘాతం

‘అష్టాంగయోగం’ అనగానే తెలుగు పాఠకుడికి యమం మొదలుకొని సమాధి వరకు పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలు స్ఫురిస్తాయి. హఠయోగమంటే గౌరన ద్విపదలో రచించిన నవనాథచరిత్ర, అందులోని సిద్ధులు, శ్రీశైలం గుర్తుకు వస్తాయి. నేడు మన నగరాల్లోనూ విదేశాల్లోనూ ‘అష్టాంగ’ అని క్లుప్తంగా పిలుస్తున్న సాధన ఈ రెండు వారసత్వాలనూ తనవిగా చెప్పుకొంటుంది. స్వరూపంలో మాత్రం అది వేరు. ఒక చోట కూర్చుని ఒకే ఆసనాన్ని దీర్ఘకాలం నిలపడం ఇందులో ప్రధానం కాదు. సాధకుడు లేస్తాడు, వంగుతాడు, చేతులపై శరీరాన్ని మోస్తూ వెనక్కి గెంతుతాడు, తిరిగి ముందుకు వస్తాడు. చెమట ధారలుగా కారుతుంది. బయటి నుంచి చూసేవారికి ఇది కసరత్తు.

‘విన్యాసం’ అనే మాట కూడా ఆ అభిప్రాయానికే తోడ్పడుతుంది. తెలుగులో ఈ మాట ఇప్పుడు చాలావరకు ప్రదర్శనను సూచిస్తున్నది. సైనిక విన్యాసాలు అంటాం, సర్కస్ విన్యాసాలు అంటాం. ‘వి’ ఉపసర్గతో కూడిన ‘న్యాసం’ అనే వ్యుత్పత్తిని చూస్తే అర్థం మరోలా ఉంటుంది. న్యాసమంటే ఉంచడం. విశేషమైన క్రమంలో ఉంచడం విన్యాసం. జపానికి ముందు అంగన్యాస కరన్యాసాలు చేసేవారికి ఈ భావం పరిచితమే. అక్కడ మంత్రాన్ని అవయవంపై ఉంచుతారు. ఇక్కడ ఒక్కొక్క శ్వాసపై ఒక్కొక్క కదలికను ఉంచుతారు. (ఈ పోలిక ఈ వ్యాసకర్త చేసినదే, మైసూరు ఆచార్యుల వ్యాఖ్యగా దీనిని తీసుకోరాదు.)

సాధన స్వరూపం

ఈ పద్ధతిని తెలుసుకోవడానికి మొదటి రకం సూర్యనమస్కారం ఒక్కటి చాలు. ఇందులో 9 విన్యాసాలు ఉన్నాయి. పాదాలు చేర్చి నిటారుగా నిలబడిన సమస్థితి నుంచి ఆచార్యుడు సంస్కృతంలో లెక్కిస్తాడు. ‘ఏకం’ అనగానే శ్వాస తీసుకొంటూ చేతులు పైకెత్తాలి. ‘ద్వే’ అన్నప్పుడు శ్వాస వదులుతూ ముందుకు వంగాలి. ‘త్రీణి’కి శ్వాసతో తల ఎత్తాలి. ‘చత్వారి’కి శ్వాస వదులుతూ వెనక్కి గెంతి, మోచేతులు మడిచి, దేహాన్ని నేలకు సమాంతరంగా దించాలి. ‘పంచ’లో శ్వాసతో ఛాతీ పైకి లేస్తుంది. ‘షట్’లో నిశ్వాసంతో నడుము పైకి లేచి అధోముఖ శ్వానాసనం ఏర్పడుతుంది. అక్కడ 5 శ్వాసల పాటు నిలవాలి. ‘సప్త’, ‘అష్టౌ’, ‘నవ’ వచ్చిన దారినే వెనక్కి నడిపించి తిరిగి సమస్థితికి చేరుస్తాయి. బేసి సంఖ్యలకు ఉచ్ఛ్వాసం, సరి సంఖ్యలకు నిశ్వాసం. రెండవ రకం సూర్యనమస్కారంలో ఈ లెక్క 17కు చేరుతుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కదలిక ముగిసేదాకా శ్వాస ఎదురుచూడదు. శ్వాస ఎంత పొడవుంటే కదలిక అంత పొడవు సాగాలి. చేతులు ముందే పైకి చేరి శ్వాస ఇంకా మిగిలి ఉన్నట్లయితే సాధకుడు తొందరపడ్డాడని అర్థం. వేగాన్ని నిర్ణయించే అధికారం కండరాలది కాదన్న నియమం ఈ చిన్న లెక్కలో ఇమిడి ఉన్నది.

మిగిలిన ఆసనాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆసనాలు మూడు స్థాయిల వరుసలుగా ఉంటాయి. మొదటి వరుసకు యోగచికిత్స అనీ, రెండవదానికి నాడీశోధన అనీ, ఆపై కఠినమైన వరుసలకు స్థిరభాగ అనీ పేర్లు. శ్వాస, బంధాలతో కూడిన ఆసనం, దృష్టి అనే మూడింటినీ కలిపి ‘త్రిస్థానం’ అంటారు. నాసాగ్రం, భ్రూమధ్యం, నాభి, హస్తాగ్రం మొదలైన 9 దృష్టిస్థానాలలో ఏ ఆసనానికి ఏది అనేది ముందే నిర్ణయమై ఉంటుంది. మూలబంధ, ఉడ్డీయాన బంధాలు సాధన పొడవునా సడలరాదు. ‘మైసూరు పద్ధతి’ తరగతిలో ఎవరి శ్వాసతో వారు మౌనంగా సాధన చేస్తారు. ఒక ఆసనం పట్టుబడిన తరువాతనే ఆచార్యుడు తదుపరి ఆసనం ఇస్తాడు. శనివారాలు, పౌర్ణమి, అమావాస్యలు విరామదినాలు.

సాధనలో గొంతు వద్ద స్వల్పంగా ధ్వనించే శ్వాసను చాలామంది ‘ఉజ్జాయి’ అంటారు. ఈ వాడుక సరికాదు. స్వాత్మారాముడి హఠప్రదీపికలో ఉజ్జాయి 8 కుంభకాలలో ఒకటి. అందులో శ్వాసను లోపల నిలపడం, ఆపై ఇడానాడి ద్వారా వదలడం ఉన్నాయి. గెంతుతూ, వంగుతూ చేసే సాధనలో అటువంటి కుంభకానికి తావు లేదు. పట్టాభి జోయిస్ మనుమడు శరత్ జోయిస్ తన బోధనలో దీనిని ఉజ్జాయి అనవద్దనీ, ధ్వనితో కూడిన సహజశ్వాసగా గ్రహించాలనీ పదేపదే సవరించారు.

ఆసనంలో శ్వాసకు శాస్త్రాధారం

పతంజలి యోగసూత్రాలలో ఆసనం ముందు, ప్రాణాయామం తరువాత. ఆసనం సిద్ధించాకనే శ్వాసగతిని నియమించాలన్నది సూత్రాల క్రమం. హఠయోగ గ్రంథాలలోనూ ఆసనాల అధ్యాయం ఒకటి, కుంభకాల అధ్యాయం వేరొకటి. ఆసనం చేస్తున్నప్పుడే శ్వాసను లెక్కగట్టే పద్ధతికి శాస్త్రంలో చోటెక్కడ అన్న ప్రశ్న కనుక సహజం.

ఈ ప్రశ్నకు తిరుమలై కృష్ణమాచార్య చెప్పిన సమాధానం ఆయన శిష్యుడు శ్రీవత్స రామస్వామి రచనల ద్వారా తెలుస్తున్నది. ఆసనసిద్ధికి పతంజలి రెండు ఉపాయాలు చెప్పాడు. వాటిలో మొదటిది ప్రయత్నశైథిల్యం. సాధారణంగా దీనికి ‘శ్రమను సడలించడం’ అని అర్థం చెబుతారు. కృష్ణమాచార్య న్యాయశాస్త్రం చదివిన పండితులు. ఆ శాస్త్రం ప్రయత్నాన్ని ప్రవృత్తి, నివృత్తి, జీవనయోని అని మూడుగా విభజించింది. జీవనయోని ప్రయత్నమంటే ప్రాణి బతకడానికి నిరంతరం జరిపే ప్రయత్నం, అనగా శ్వాస. కాబట్టి ప్రయత్నశైథిల్యమంటే శ్వాసను మృదువుగా, దీర్ఘంగా చేయడమని ఆయన వ్యాఖ్యానించారు.

ఈ వ్యాఖ్య వ్యాసభాష్యంలో లేదు. అయినా దీనిని కల్పన అని కొట్టివేయడం తొందరపాటే అవుతుంది. ఒక శాస్త్రంలోని పదాన్ని మరొక శాస్త్రపరిభాషతో విప్పి చూడడం మన వ్యాఖ్యానసంప్రదాయంలో కొత్త కాదు. పాఠశాలలో తర్కం చదివిన పండితుడు, వ్యాయామశాలలో ఆసనం నేర్పే ఆచార్యుడు ఒకే మనిషి అయినప్పుడు పుట్టగలిగిన వ్యాఖ్య ఇది.

మైసూరు రాజాస్థానం

కృష్ణమాచార్య 1888లో నేటి కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా ముచుకుందపురంలో జన్మించారు. మైసూరులోనూ కాశీలోనూ శాస్త్రాలు అభ్యసించారు. హిమాలయాలలో రామమోహన బ్రహ్మచారి అనే గురువు వద్ద ఏడేళ్లకు పైగా యోగం నేర్చినట్లు ఆయనే చెప్పుకొన్నారు. నాల్గవ కృష్ణరాజ ఒడయరు ఆదరణతో 1930ల ఆరంభంలో మైసూరులో స్థిరపడ్డారు. 1933లో జగన్మోహన సౌధంలో ఆయనకు ఒక యోగశాల ఏర్పడింది. అక్కడి విద్యార్థులలో చాలామంది రాజబంధువుల పిల్లలు. చురుకైన బాలురకు గంటల తరబడి పద్మాసనం నేర్పడం కష్టమన్నది ఏ ఉపాధ్యాయుడికైనా తెలిసిన విషయమే. గెంతులతో కూడిన వేగవంతమైన క్రమం అక్కడ స్థిరపడడానికి ఈ పరిస్థితి కూడా ఒక కారణమై ఉండవచ్చు.

ఈ యోగశాల మనకు రెండు కన్నడ గ్రంథాలను ఇచ్చింది. 1934లో ‘యోగ మకరందం’, 1941లో ‘యోగాసనగళు’ వెలువడ్డాయి. విన్యాస యోగచరిత్రకు ఇవి మూలస్తంభాలు. యోగ మకరందంలో ప్రతి ఆసనానికీ విన్యాసాల సంఖ్య ఉంది. ఏ విన్యాసంలో శ్వాస తీయాలో, ఏ విన్యాసంలో వదలాలో, ఎక్కడ నిలపాలో వివరణ ఉంది. పశ్చిమోత్తానాసనం మొదటి రూపానికి 16 విన్యాసాలని అందులో చెప్పారు. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత శిష్యుడు పట్టాభి జోయిస్ ప్రచురించిన ‘యోగ మాల’లో కూడా అదే ఆసనానికి అవే 16 విన్యాసాలు కనిపిస్తాయి. మౌఖిక బోధనలో లెక్క చెదరకుండా నిలిచిందనడానికి ఇది బలమైన నిదర్శనం.

యోగాసనగళులో మరొక విశేషముంది. ఆసనాలను ప్రాథమిక, మధ్యమ, ఉన్నత శ్రేణులుగా విభజించిన ఒక పట్టిక అందులో ఉంది. ఆసనం పేరు, విన్యాసాల సంఖ్య, వాటిలో ఎన్నవది అసలు ఆసనస్థితి, దానికి తగిన కుంభకం ఏది అనే వివరాలు గడులలో పొందుపరచారు. నేటి అష్టాంగ వరుసలకు ఈ పట్టిక పూర్వరూపమని ఆసనాల పేర్లు పోల్చి చూసినవారికి తోస్తుంది. రెండూ అచ్చంగా ఒకటి కావు. ప్రాథమిక శ్రేణిలో పోలిక ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తేడాలు పెరుగుతాయి.

స్వాతంత్ర్యానంతరం సంస్థానం గతించింది. రాజాదరణ లేకపోవడంతో 1950లో యోగశాల మూతపడింది.

యోగ కొరంట: కానరాని మూలగ్రంథం

సాధకులలో ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం ఈ పద్ధతికి మూలం వామన ఋషి రచించిన ‘యోగ కొరంట’ అనే తాళపత్రగ్రంథం. కృష్ణమాచార్య దానిని కలకత్తాలోని ఒక గ్రంథాలయంలో చూశారనీ, తరువాత అది చీమల పాలయిందనీ చెబుతారు. తాటాకు ప్రతులు చెదలకూ చీమలకూ ఆహుతి కావడం మనకు వింత కాదు. తెలుగులోనూ పేర్లు మాత్రమే మిగిలిన కావ్యాలు ఎన్నో ఉన్నాయి. అయితే ఒక పద్ధతి ప్రాచీనత అంతా కనపడని ప్రతి మీద ఆధారపడినప్పుడు చరిత్రకారుడు సందేహించక తప్పదు. మైసూరు రాజప్రాసాద యోగసంప్రదాయంపై 1996లో గ్రంథం వెలువరించిన ఎన్.ఇ. స్యోమన్, ‘యోగా బాడీ’ (2010) రచయిత మార్క్ సింగిల్టన్ ఈ సందేహాన్ని బలంగా వ్యక్తం చేశారు.

ఔంధ్ రాజు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి 1920లలో సూర్యనమస్కారాలను వ్యాయామంగా ప్రచారం చేశారు. బెంగుళూరులో దేహదారుఢ్య శిక్షకుడు కె.వి. అయ్యర్ వాటిపై 1937లో ఒక పుస్తకం ప్రచురించారు. డెన్మార్క్‌కు చెందిన నీల్స్ బుఖ్ రూపొందించిన జిమ్నాస్టిక్స్ నాటి భారతదేశంలో బహుళ ప్రచారం పొందింది. ఈ వాతావరణం నుంచి మైసూరు విన్యాసాలు పుట్టాయన్న సింగిల్టన్ వాదాన్ని విన్న సాధకులు చాలామంది నొచ్చుకొన్నారు. మైసూరు సౌధంలో సూర్యనమస్కారాల తరగతి, కృష్ణమాచార్య యోగశాల వేర్వేరుగా నడిచాయని సింగిల్టనే పేర్కొన్నారు. ఆ రెండూ తరువాతి కాలంలో ఒకే సాధనలో కలిశాయి.

వివాదం ఇక్కడే ఆగి ఉంటే ‘ప్రాచీనం’, ‘ఆధునికం’ అనే రెండు శిబిరాలే మిగిలేవి. పుణెలో భద్రమై ఉన్న ‘హఠాభ్యాసపద్ధతి’ అనే సంస్కృత గ్రంథంపై జేసన్ బర్చ్, సింగిల్టన్ కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనం చర్చను మలుపు తిప్పింది. పద్దెనిమిదో శతాబ్దానికి చెందినదిగా భావిస్తున్న ఈ గ్రంథంలో 112 ఆసనాలు ఉన్నాయి. వెల్లకిలా పడుకొని చేసేవి, బోర్లా పడుకొని చేసేవి, నిలబడి చేసేవి, తాడు పట్టుకొని చేసేవి అంటూ వాటిని వర్గీకరించారు. అనేక ఆసనాలు స్థిరభంగిమలు కావు. పదేపదే చేయవలసిన కదలికలు. గ్రంథకర్త పేరు కపాల కురంటకుడు. యోగ మకరందం ఆధారగ్రంథాల పట్టికలో కనిపించే ‘యోగ కురంటి’ అనే పేరుతో ఈ కురంటక శబ్దానికున్న సామ్యం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. పైగా పందొమ్మిదో శతాబ్దంలో ముమ్మడి కృష్ణరాజ ఒడయరు కూర్పించిన ‘శ్రీతత్త్వనిధి’లోని 122 ఆసనాల చిత్రాలకు ఈ గ్రంథమే ప్రధాన ఆధారం. అంటే కదిలే ఆసనాల పరిజ్ఞానం కృష్ణమాచార్య రాకకు పూర్వమే మైసూరు రాజప్రాసాదానికి చేరింది.

దీనితో వామన ఋషి కథనం రుజువైనట్లు కొందరు సంబరపడ్డారు. అది సమంజసం కాదు. హఠాభ్యాసపద్ధతి ఆసనాలలో చలనం ఉన్నదని నిరూపించింది. అంతవరకే దాని సాక్ష్యం. ప్రతి కదలికకూ ఉచ్ఛ్వాసమో నిశ్వాసమో కేటాయించి, వరుస సంఖ్యతో పిలిచే సమగ్రమైన లెక్కకు మన చేతిలో ఉన్న ముద్రిత సాక్ష్యం 1934 నాటి యోగ మకరందమే. పాత సామగ్రిని కొత్త లెక్కలో కూర్చిన గౌరవం కృష్ణమాచార్యకు దక్కాలి. ఆయన మాత్రం దానిని గురువుకూ గ్రంథానికీ సమర్పించారు. నూతనత్వాన్ని తనదని చెప్పుకోవడం దోషంగా భావించిన పండితలోకంలో అది స్వాభావికం.

రెండు శాఖలు

కౌశిక గ్రామానికి చెందిన పట్టాభి జోయిస్ (1915–2009) పన్నెండేళ్ల ప్రాయంలో, 1927లో, హాసన్‌లో కృష్ణమాచార్య ఆసనప్రదర్శన చూసి శిష్యులయ్యారు. తరువాత సంస్కృతం చదవడానికి మైసూరు చేరి, అక్కడ గురువును తిరిగి కలుసుకొన్నారు. 1937 నుంచి 1973 వరకు సంస్కృత కళాశాలలో యోగం బోధించారు. 1948లో లక్ష్మీపురంలోని తమ ఇంట అష్టాంగ యోగ పరిశోధన సంస్థను నెలకొల్పారు. ‘యోగ మాల’ను కన్నడంలో రచించి 1962లో ప్రచురించారు. 1964లో బెల్జియం నుంచి ఆంద్రే వాన్ లిస్‌బెత్ వచ్చి నేర్చుకొన్నాడు. 1970ల ఆరంభంలో అమెరికన్ యువకులు వచ్చారు. 1975లో జోయిస్ తొలిసారి కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్ వెళ్లి బోధించారు. ఒక చిన్న ఇంటి గదిలో సాగిన సాధన అక్కడి నుంచి ఖండాంతరాలకు వ్యాపించింది.

యోగశాల మూతపడిన తరువాత 1950లలో కృష్ణమాచార్య మద్రాసు చేరారు. అక్కడ ఆయన వద్దకు వచ్చినవారు రాజకుమారులు కారు. రోగులు, ఉద్యోగులు, గృహస్థులు, వృద్ధులు వచ్చారు. బోధన మారింది. గెంతులు తగ్గాయి, శ్వాస మరింత దీర్ఘమయింది. వ్యక్తి వయసును, దేహస్థితిని బట్టి ఆసనాన్ని మార్చడం ప్రధానమయింది. కుమారుడు టి.కె.వి. దేశికాచార్ 1976లో నెలకొల్పిన కృష్ణమాచార్య యోగ మందిరం ఈ బోధనను కొనసాగించింది.

ఈ రెండు శాఖలలో ఏది ‘అసలైనది’ అన్న వాదం తరచూ వినబడుతుంది. 1941 పట్టికను ముందుంచుకొని చూస్తే వాదం పదును తగ్గుతుంది. ఆ పట్టికలో ఆసనాల శ్రేణి ఉంది, కుంభకానికి ఒక గడి కూడా ఉంది. మైసూరులో జోయిస్ శ్రేణిని స్థిరపరచి, ఆసనంలో కుంభకాన్ని విడిచిపెట్టారు. మద్రాసులో కుంభకం నిలిచింది, శ్రేణి కరిగిపోయింది. ఇద్దరూ వదలనిది శ్వాసతో కదలికను ముడివేసిన లెక్క ఒక్కటే. సంప్రదాయమన్న మాటను ఈ ఉభయసామాన్యమైన అంశానికి పరిమితం చేయడం ఉచితమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

శ్వాస, అధికారం

సంప్రదాయాన్ని ఎక్కడ గుర్తిస్తామన్నది కేవలం పండితచర్చ కాదు. పట్టాభి జోయిస్ మరణానంతరం, ముఖ్యంగా 2017–18 కాలంలో, ఆసనం సరిదిద్దే నెపంతో ఆయన తమను అనుచితంగా తాకారని పలువురు శిష్యురాళ్లు బహిరంగంగా ప్రకటించారు. కొన్ని ఛాయాచిత్రాలు, దృశ్యాలు కూడా వెలుగులోకి వచ్చాయి. 2019లో శరత్ జోయిస్ ఈ విషయమై బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. ఆసనాన్ని బలవంతంగా లోతుకు నెట్టడం వల్ల మోకాళ్లకు, నడుముకు, భుజాలకు గాయాలైన సాధకుల అనుభవాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. గురువు చేయి తగలడమే అనుగ్రహమని భావించిన వాతావరణంలో వీరి మాటను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఈ పద్ధతి చరిత్ర రాసేవారు ఈ అధ్యాయాన్ని దాటవేయడం న్యాయం కాదు.

సంప్రదాయం అంటే వరుస అనుకొంటే, తదుపరి ఆసనాన్ని ఇచ్చేవాడి చేతిలో అధికారమంతా ఉంటుంది. అది అందుకోవడానికి సాధకురాలు నొప్పినీ అవమానాన్నీ సహించే ప్రమాదముంది. సంప్రదాయం శ్వాసలెక్క అనుకొన్నట్లయితే కొలమానం సాధకురాలి వద్దనే ఉంటుంది. శ్వాస తెగినచోట, బిగుసుకొన్నచోట ఆ ఆసనం హద్దు దాటిందని అందరికంటే ముందు ఆమెకే తెలుస్తుంది. ప్రయత్నశైథిల్యానికి కృష్ణమాచార్య చెప్పిన వ్యాఖ్యను ఆచరణలోకి తెస్తే వచ్చే నియమం ఇదే. నెట్టే చేయి ఎవరిదైనా దానికి ఆ నియమంలో స్థానం లేదు.

శరత్ జోయిస్ 2024 నవంబరులో అమెరికాలోని వర్జీనియాలో ఆకస్మికంగా మరణించారు. ఎవరికి బోధనార్హత ఉన్నదో మైసూరులోని ఒక కుటుంబం నిర్ణయించే రోజులు అప్పటికే మారుతూ వచ్చాయి. ఇప్పుడు పలు శాలల్లో సాధకులను తాకే ముందు అనుమతి అడుగుతున్నారు. కొన్నిచోట్ల ఆచార్యుడు అసలు చేయి వేయడు. తరగతి ముందు నిలబడి ఏకం, ద్వే, త్రీణి అని లెక్క మాత్రం చెబుతాడు.